చెయ్యి ఆనిన చోటు

మా బావ ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే నేను ముందు ఆయన వేళ్ళ గురించి చెబుతాను. ముఖం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అందరి ముఖంలాంటి ముఖమే. వేళ్ళు మాత్రం అలాంటివి నేనింకెక్కడా చూడలేదు. ఏళ్ళ తరబడి ఉప్పుకాగితం పట్టుకుని చెక్కను రుద్దీ రుద్దీ వాటి చివరి గీతలన్నీ అరిగిపోయాయి. ఫోను తెరవడానికి వేలు పెడితే అది ఆయన్ని గుర్తుపట్టదు. "నేనేరా, నీ యజమానిని. తెరువు," అని దాన్ని బతిమాలుకుంటాడు. అది ఒప్పుకోదు. మా అక్క వచ్చి తన వేలు పెడితే టక్కున తెరుచుకుంటుంది. "చూశారా, ఇంట్లో పెత్తనం ఎవరిదో ఫోనుకి కూడా తెలుసు," అంటుంది అక్క.

ఆయన అసలు పని తలుపులకు, బీరువాలకు, బల్లలకు పాలిష్ పెట్టడం. ఆయన చెయ్యి పడిన బల్ల మీదకి వంగితే మన ముఖం మనకు కనబడేది. అందుకని వీధివీధంతా ఆయన్ని అద్దం మేస్త్రి అనేవారు. ఒక పెద్దింటివాళ్ళ బల్లకి పాలిష్ పెట్టి ఇస్తే, వాళ్ళ పెంపుడు పిల్లి అందులో తన నీడను చూసుకుని, ఇంకో పిల్లి అనుకుని కలబడిందట. ఇది బావ చెప్పే కథ. ఆ పిల్లినీ నేను చూడలేదు, ఆ బల్లనీ చూడలేదు.

తర్వాత రోజులు మారాయి. రంపపుపొట్టును జిగురుతో అదిమి, పైన చెక్క బొమ్మ ఉన్న కాగితం అంటించిన బల్లలు వచ్చాయి. వాటికి పాలిష్‌తో పనిలేదు. తడిస్తే ఉబ్బుతాయి, ఉబ్బితే పారేస్తారు. బావకి పని తగ్గింది. అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళ చెప్పుల మెరుపు గురించి వ్యాఖ్యానాలు చేసే స్థితికి వచ్చాడు. నేను ఆ రోజుల్లో పక్క గదిలోనే స్పీకర్లు, మైకులు, గిటార్ల వైరింగు బాగుచేస్తూ ఉండేవాణ్ణి. బావ నసతో నాకు పని సాగేది కాదు.

అలాంటప్పుడు ఒకాయన కొత్త ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని వచ్చాడు.

"ఏం పాడయింది?" అన్నాను.

"ఏం పాడవలేదు. మరీ కొత్తగా ఉంది, అదీ బాధ. స్టేజీ ఎక్కితే నిన్నో మొన్నో నేర్చుకున్నవాడిలా కనబడుతున్నా. దీన్ని ముప్ఫై ఏళ్ళ పాతదిలా చేసిపెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నాకు నవ్వాగలేదు. కొత్త చెప్పులు కరుస్తాయని ఎవరైనా పాత చెప్పులు కొనుక్కుంటారా? నేను ఆ మాట పైకి అనబోతుండగానే బావ లోపలికి వచ్చాడు. గోడకి చెవులుంటాయంటారు, మా గోడకైతే ఏకంగా బావే ఉండేవాడు.

"ఇలా ఇవ్వండి. ఇన్నాళ్ళూ పాతవాటిని కొత్తవి చేశాను. వెనక్కి నడవడం ఎంతసేపు?" అన్నాడు.

వెనక్కి నడవడం అంత తేలిక కాదని మొదటి గిటారుతోనే తెలిసింది. తాళాలగుత్తితో అక్కడక్కడా కొట్టాడు, ఉప్పుకాగితంతో ఒళ్ళంతా రుద్దాడు. తీరా చూస్తే లారీ కింద పడి లేచినట్టు తయారయింది. "ఇది పాతబడినట్టు లేదు. ఎవరో పగబట్టి కొట్టినట్టుంది," అంది అక్క. ఆ మాట అని ఊరుకోకుండా మా గడప వైపు చూపించింది. "దాన్ని చూడండి. మధ్యలో అరిగింది, మూలల్లో రంగు రంగులాగే ఉంది. మనిషి తగిలిన చోటే కదా అరిగేది?"

బావ ఆ పూటంతా గడప ముందు గొంతుక్కూర్చున్నాడు. దాటాల్సిన మేము దాటలేక ఇబ్బంది పడ్డాం. ఆయన మాత్రం లేవలేదు.

అప్పట్నుంచీ ఆయన గిటారును తర్వాత చూసేవాడు, ముందు మనిషిని చూసేవాడు. ఎవరు వచ్చినా గిటారు తగిలించుకుని కాసేపు వాయించమనేవాడు. తాను స్టూలు మీద కూర్చుని, చేతిలో చల్లారిపోయిన టీ గ్లాసుతో, వాళ్ళ మోచెయ్యి కింది భాగం ఎక్కడ రాసుకుంటోందో, బెల్టు బకిలు వెనక ఎక్కడ గీరుతోందో, చిటికెనవేలు ఎక్కడ ఆనుతోందో చూసేవాడు. పాట బాగుందో లేదో ఆయనకి అనవసరం. ఒకాయన కళ్ళు మూసుకుని లీనమైపోయి వాయించి, కళ్ళు తెరిచి "ఎలా ఉంది?" అంటే, "మీ కుడి భుజం కొంచెం దిగిందండీ" అన్నాడు బావ.

ఆ తర్వాత అసలు పని. పూతను వేడిగాలితో వెచ్చచేసి, వెంటనే ఐసుముక్క రాస్తే వెంట్రుకంత సన్నటి పగుళ్ళు పుట్టేవి. మనిషి రాసుకునే చోట ముందు ఉప్పుకాగితం, తర్వాత జీన్సు గుడ్డ, చివరికి తన సొంత చెయ్యి. తెల్ల ప్లాస్టిక్ బొత్తాలను టీ డికాషన్‌లో నానేసేవాడు. ఇనుప స్క్రూలకి వెనిగర్ ఆవిరి పట్టేవాడు. "రంగు ఊడగానే సరిపోదురా. కింద చెక్క తెల్లగా బోసిగా ఉంటుంది. దానికి మనిషి పట్టాలి," అనేవాడు. మనిషి పట్టడమంటే చెమట, జిడ్డు, ఏళ్ళ తరబడి పట్టిన మురికి. వాటిని ఆయన కొన్ని నూనెలతోనూ దీపపు మసితోనూ తెప్పించేవాడు. ఆ పని ఇప్పటికీ చేస్తూనే ఉన్నాడు. దూరాల నుంచి కూడా వస్తారు.

నాకు మాత్రం ఈ వ్యవహారం మొదట్నుంచీ మింగుడు పడలేదు. "ఇది అబద్ధం కాదా బావా?" అని ఒకసారి ముఖం మీదే అడిగాను.

"అబద్ధమే. కానీ కొనుక్కునేవాడికి తెలిసిన అబద్ధం. జుట్టుకి రంగేసుకున్నట్టు," అని నా మీసం వైపు చూశాడు. నేను మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. అయితే ఒకటి చెప్పాలి. ఇది నిజంగా పాతదే అని చెప్పి అమ్ముకుంటాం, మీరు నోరు మెదపకండి అని వచ్చినవాళ్ళని ఆయన గుమ్మంలోంచే పంపించేసేవాడు. ఆ విషయంలో నాకాయన మీద గౌరవం ఉండేది. పైకి చెప్పేవాణ్ణి కాదు, చెబితే పట్టుకోలేం.

ఎందుకంటే పని కుదిరేకొద్దీ ఆయనకి గర్వం కూడా పెరిగింది. గోడ మేకులకి ఎప్పుడూ అరడజను గిటార్లు వేలాడుతుండేవి. ఎవరివి ఏవో చీటీలు కట్టమని నేను నెత్తీనోరూ బాదుకునేవాణ్ణి.

"కన్నతల్లి పిల్లల మెడలో చీటీలు కడుతుందట్రా?" అనేవాడు.

"కవలలైతే కాలికి దారమైనా కడుతుంది బావా."

"నేను చేసినదాన్ని నేను గుర్తుపట్టకపోతే నా కళ్ళు కాకులకెయ్యి," అనేసి లోపలికి పోయేవాడు.

ఇక జరిగింది చెబుతాను. నేను స్పీకర్ల పని మీద బయటికి వెళ్ళిన రోజున ఒక టీచరమ్మ గిటారు పెట్టె పట్టుకుని వచ్చింది. ముందుగదిలో అక్క ఒక్కతే ఉంది. ఆవిడ పెట్టె తెరిచి చూపించింది. ఎర్రరంగు గిటారు. వాళ్ళ నాన్న ఒక హోటలు హాల్లో సాయంత్రాలు వాయించే బ్యాండులో జీవితమంతా దాన్నే వాయించాడట. ఆయన పోయి ఇంకా ఏడాది నిండలేదు. స్విచ్చి వేస్తే గరగరమంటోంది తప్ప పలకడం లేదు.

"దీనికి గొంతొక్కటి తెప్పించండి చాలు. పైన మాత్రం ఏమీ తుడవొద్దు, దుమ్ము కూడా దులపొద్దు," అని రంగు పోయి చెక్క బయటపడిన చోట అరచెయ్యి పెట్టిందట. "నాన్న చెయ్యి ఆనిన చోటండీ ఇది. మా ఇంట్లో ఆయన వస్తువులు చాలా ఉన్నాయి. ఆయన ఉన్నట్టు అనిపించేది మాత్రం ఇదొక్కటే."

"నేను మాటిస్తున్నా తల్లీ. దీని మీద ఎవరి చెయ్యీ పడనివ్వను," అంది మా అక్క. పండగ చీర కూడా ఎరువివ్వని మనిషి, మాట అసలే ఊరికే ఇవ్వదు. గిటారును తీసుకెళ్ళి ఖాళీగా ఉన్న మేకుకి తగిలించింది. ఆ పక్క మేకుకి ఇంకో ఎర్ర గిటారు ఉంది. అది బావ కొన్నేళ్ళ కిందట పాతదిలా చేసిందే. దాని సొంతదారు కొత్త బ్యాండులో చేరాడు, వాళ్ళందరూ సూట్లు వేసుకుంటారట, మళ్ళీ తళతళలాడేలా చెయ్యమని తెచ్చి ఇచ్చాడు. బావ మర్నాడు దాని రంగంతా గీకాలి.

"ఆ ఎర్రవాటిలో ఒకటి రిపేరుకొచ్చిందండీ, అసలు పాతది. దాని జోలికి పోకండి," అని అక్క అన్నం పెడుతూ చెప్పింది. "సరే సరే, నాది నాకు తెలీదా?" అన్నాడు బావ.

మర్నాడు పొద్దున ఆయన ఆ రెండింటి ముందూ నిలబడి చూశాడు. ఏమనుకున్నాడో తర్వాత మాకు చెప్పాడు. ఒకదాని మీద అరుగుదల ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. వెనక బకిలు గీతలు, పైన చెయ్యి రాసుకున్న మచ్చ, అంచుల్లో దెబ్బలు, అన్నీ లెక్కప్రకారం ఉన్నాయి. రెండోదాని మీద చెయ్యి మచ్చ ఉండాల్సినదానికన్నా బాగా కిందికి, పక్కకి జారి ఉంది. వెనక అయితే ఒక్క బకిలు గీత కూడా లేదు. అన్నేళ్ళు వాయించినవాడి బెల్టు గిటారుకి తగలకుండా ఎలా ఉంటుంది? ఇది తప్పుల తడక, పని రాని రోజుల్లో నేను చేసిందే అయి ఉంటుంది అనుకున్నాడు. అది చూసి సిగ్గుపడ్డాడు కూడా. ఇలాంటిది నా చేతి మీదుగా పోయిందా అని, దాన్ని కిందికి దించి, కసి తీరా గీకేశాడు.

నేను పదింటికి వచ్చి, మిగిలిన ఎర్ర గిటారును బల్ల మీద బోర్లా పెట్టి, వెనక మూత విప్పాను. లోపల వైర్లు చూడగానే ఏదో తేడాగా అనిపించింది. ఆ టంకం నాది, బావ చేసే గిటార్లకి నేను పెట్టేది. నేను టంకం పెట్టిన ప్రతిచోటా అక్క గోళ్ళరంగు ఒక చుక్క వేస్తాను, అతుకు కదిలితే తెలుస్తుందని. ఆ చుక్క అక్కడ ఉంది.

"బావా, ఇది మనదే," అన్నాను.

"ఏది మనది?" అన్నాడు పెరట్లోంచి.

"ఇక్కడున్నది."

పెరట్లో ఉప్పుకాగితం చప్పుడు ఆగింది. కాసేపటికి ఆయన గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో బోసి చెక్క ఉంది, గుంటలు పూడ్చి, నున్నగా రుద్దేశాడు కూడా. కనుబొమ్మల మీద ఎర్ర పొడి. వచ్చి వంగి, మూత లోపలికి చూశాడు. ఆ గోళ్ళరంగు చుక్కను వేలితో ముట్టుకున్నాడు. తర్వాత ఆ చెక్కను బల్ల మీద నెమ్మదిగా పెట్టి, అలాగే నేల మీద కూలబడ్డాడు.

అక్క వచ్చింది. చూసింది. ఆవిడ అరుస్తుందని నేను కాచుకుని ఉన్నాను. అరిచినా బాగుండేది. "నేను మాటిచ్చాను," అంది. అంతే అంది.

నేను పెరట్లోకి పరుగెత్తి పొడి కోసం వెతికాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆ పొడి అప్పటికే పాతిక గిటార్ల పొడితో, బీరువాల పొట్టుతో కలిసి ఒక కుప్పలో ఉంది. దొరికినా ఏం చేసుకుంటాం?

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. బావను కొట్టాలని ఉంది, ఆయన పక్కన కూర్చుని ఏడవాలనీ ఉంది. చివరికి నేనే నోరు తెరిచాను. "బావా, ఇది మళ్ళీ చెయ్యగలవాడు ఈ లోకంలో ఉంటే నువ్వే. చేసెయ్. ఆవిడకి తెలీదు."

"తెలీకపోతే?" అంది అక్క. "ఆవిడ దాన్ని గుండెకి హత్తుకుని తీసుకెళ్తే మనకి నిద్ర పడుతుందా? ఫోను చేసి చెప్పేద్దాం."

"చెప్పి? ఈ బోసి చెక్కను చేతిలో పెట్టమంటావా?" అన్నాడు బావ. సంగతి తెలిశాక ఆయన మాట్లాడింది అదే మొదలు. "ముందు చెయ్యనీ. తర్వాతి సంగతి తర్వాత."

చెయ్యడానికి ఆయన దగ్గర ఏముంది? మనిషిని చూడందే చెయ్యి వెయ్యని పనివాడు, ఆ మనిషి లేడు. చూసిన అరుగుదలనేమో తప్పని గీకేశాడు. ఎక్కడ ఎంత ఉందో చూచాయగా గుర్తుంది, ఎందుకలా ఉందో తెలీదు. ఎందుకో తెలియకుండా చేస్తే మళ్ళీ లారీ కింద పడ్డట్టే ఉంటుంది. అందుకని ఆ హోటలుకి వెళ్ళి అడిగి, ఆ బ్యాండులో డ్రమ్ములు వాయించిన పెద్దాయన ఇల్లు కనుక్కున్నాం.

ఆయన ఒక లాండ్రీ పైగదిలో ఉంటున్నాడు. కింద ఇస్త్రీ పెట్టెల వేడికి ఆ గది నేల వెచ్చగా ఉంది. మాట్లాడుతున్నంతసేపూ ఆయన వేళ్ళు మంచంపట్టె మీద తాళం వేస్తూనే ఉన్నాయి. గిటారు బాగుచేస్తున్నామనీ, ఆయన ఎలా వాయించేవాడో తెలిస్తే పనికి సాయమనీ బావ చెప్పాడు. మా బావ అబద్ధం చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. కళ్ళు దించుకుని చెప్పాడు.

"వాడా? వాడి కాలు ఒక పాటకి తాళం వేసేది, చెయ్యి ఇంకో పాట వాయించేది," అన్నాడు పెద్దాయన. "చెయ్యే కరెక్టు. కాలిని నమ్ముకుంటే నా గతి గోవిందా. మోకాలు పాడైంది కదా, అందుకు. నిలబడి వాయించిందెక్కడ? నాకు తెలిసినప్పట్నుంచీ కుర్చీలోనే."

బావ తలెత్తాడు. "కుర్చీలోనా?"

"చేతుల్లేని కుర్చీ. ఎడమ తొడ మీద పెట్టుకునేవాడు. గిటారు జారుతుంటే మోచేత్తో అదిమిపట్టేవాడు. అదొక పట్టు, ఇంకెవడికీ రాదు."

వెనక బకిలు గీతలు ఎందుకు లేవో, మచ్చ ఎందుకు కిందికి జారిందో ఇప్పుడు తెలిసింది. తప్పుల తడక కాదు, ఒక మనిషి మోకాలి నొప్పి అది. బావ ముఖం చూడలేక నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మేము మాతో ఒక గిటారు తీసుకెళ్ళాం. దాన్ని బావ పెద్దాయన చేతికిచ్చాడు. "నాకు వాయించడం రాదయ్యా," అన్నాడాయన. "వాయించొద్దండీ. ఆయనలా కూర్చోండి చాలు." పెద్దాయన గిటారును తొడ మీద పెట్టుకుని, ఎడంకాలు కొంచెం చాపి, ముందుకు వంగి, మోచేత్తో అదిమి, తల పక్కకి వాల్చాడు. అలా ఉండిపోయాడు. మంచంపట్టె మీద తాళం ఆగిపోయింది.

"వాడిలా కూర్చుంటే పక్కన నేనుండేవాణ్ణి," అన్నాడు కాసేపటికి. "ఇప్పుడు నేను కూర్చున్నాను, పక్కన ఎవరూ లేరు."

బావ ఆయన మోచేతినీ, చొక్కా చేతి బొత్తాం చెక్కకి తగిలే చోటునూ చూశాడు. చూడాల్సిందంతా చూసి, వంగి ఆయన పాదాలకి దణ్ణం పెట్టాడు. ఎందుకు పెడుతున్నాడో ఆ పెద్దాయనకి అర్థం కాలేదు.

పని మొదలైంది. మెడ అసలుదే, తీగలు బిగించే మరలు అసలువే, తెల్ల పలక అసలుదే. ఒంటి మీద రంగు ఒక్కటే పోయింది. ఆ రంగు వాటి వయసుకి సరిపోవాలి. బావ ఎరుపు కలిపాడు, పారబోశాడు, మళ్ళీ కలిపాడు. పూత మీద పూత వేసి, ఆరాక పగుళ్ళు పుట్టించాడు. తర్వాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, చేతుల్లేని కుర్చీ వేసుకుని, ఎడంకాలు చాపి, గిటారును తొడ మీద పెట్టుకుని, మోచేత్తో అదిమి రుద్దడం మొదలుపెట్టాడు. ఉప్పుకాగితం ముట్టుకోలేదు. సన్నటి పొడి చల్లుకుని చేత్తోనే రుద్దాడు. పొద్దున కూర్చుంటే వెలుగు పోయేదాకా లేచేవాడు కాదు. చొక్కా చెయ్యి చిరిగింది, చర్మం చెక్కుకుపోయింది. అక్క మాట్లాడేది కాదు. వచ్చి మందు రాసి, కొత్త గుడ్డ చుట్టి వెళ్ళేది.

అయిపోయాక ఆయన దాన్ని మేకుకి తగిలించాడు. అది బావ చేసిందని తెలిసీ, చేస్తుంటే పక్కనే ఉండీ, నేను నమ్మేశాను. ఎవరో ఒకాయన దాన్ని ఇప్పుడే వాయించి, మంచినీళ్ళకి లేచినట్టుంది.

"బ్రహ్మాండంగా కుదిరింది బావా," అన్నాను.

"కుదిరింది," అన్నాడు. పొంగిపోయే మనిషి పొంగలేదు.

టీచరమ్మ సెలవురోజు పొద్దున వచ్చింది. చెప్పాలా వద్దా అన్నది అప్పటికీ మా ఇంట్లో తేలలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుంది, నేను గిటారు అందించి, వైరు స్పీకరుకి తగిలించి, ఒక తీగ మీటాను. గది నిండా పలికింది. ఆవిడ చెయ్యి ఆ మచ్చ మీద ఆనించింది. సరిగ్గా సరిపోయింది. చప్పుడు లేకుండా కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి.

"నాన్నే," అంది.

అక్క కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయింది. బావ చేతిలో గుడ్డతో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను కళ్ళతోనే చెప్పాను, నీకు పుణ్యముంటుంది, నోరు మెదపకు అని. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు ఏ తప్పూ కనబడలేదు. ఆవిడకి కావలసింది ఆవిడ చేతికింద ఉంది. ఇంకేం కావాలి?

అప్పుడు ఆవిడ బొటనవేలు గిటారు కింది అంచు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ముందుకీ వెనక్కీ తడిమింది. మళ్ళీ తడిమింది. గిటారును వెలుగు వైపు తిప్పి చూసింది.

"ఏంటండీ?" అన్నాను.

"ఇక్కడ చిన్న గుంటలుండాలి. పంటిగాట్లు." కొంచెం సిగ్గుపడుతూ నవ్వింది. "నాకు పళ్ళొచ్చేటప్పుడు నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాయిస్తుంటే దీన్ని కొరికేదాన్నట. రంగు కడుపులోకి పోతుందని అమ్మ గొడవ పెట్టేదట. నాన్నేమో కొరకనీ అనేవాడట. పెద్దయ్యాక కూడా ఆయన పక్కన కూర్చుంటే నా వేలు అక్కడికే పోయేది."

ఈ సంగతి మేమెవరమూ వినలేదు. డ్రమ్ముల పెద్దాయనకి కూడా తెలిసి ఉండదు. నేను బావ వైపు చూశాను. ఆయన ఆ అంచు వైపే చూస్తున్నాడు.

ఆవిడ పై అంచు తడిమింది, అవతలి వైపు తడిమింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇచ్చిన రోజే చూడాల్సింది. ఏడుపొస్తుందని తడమలేదు. అక్కడ ముట్టుకుని ఏళ్ళయింది కదా, నేనే పొరబడ్డానేమో. అమ్మ చెప్పిన కథ వినీ వినీ, వేలికి తగిలినట్టు ఊహించుకున్నానేమో. నాన్న పోయినప్పట్నుంచీ ఏది జరిగిందో, ఏది అనుకున్నానో తెలీడం లేదండీ."

హమ్మయ్య అనుకున్నాను. ఆవిడే సర్దుకుంది, గండం గడిచింది, పెట్టె మూసి ఇచ్చేస్తే చాలు. పెట్టె అందుకోవడానికి వంగాను కూడా.

"మీరు పొరబడలేదమ్మా," అన్నాడు బావ.

ఆవిడ తలెత్తింది.

"గాట్లు ఉండేవి. పైన రెండు, కింద ఒకటి. చెక్కను పట్టి ఉంచే క్లాంపు బిగించినప్పుడు జారి కరిచిందనుకుని, లప్పం పెట్టి నేనే పూడ్చేశాను." గోడ వదిలి ముందుకు వచ్చాడు. "మీరు ఇప్పుడు చెయ్యి పెట్టిన చోటు కూడా మీ నాన్నగారిది కాదు. మా ఆవిడ వద్దని చెప్పింది, నేనే తెలిసినవాణ్ణనుకుని పొరపాటున రంగంతా గీకేశాను. ఇది నేను చేసింది."

స్పీకరు సన్నగా గుయ్యిమంటోంది. దాన్ని ఆపాలని కూడా నాకు తోచలేదు.

"మొత్తమా?" అంది.

"మెడా, మరలూ, తెల్ల పలకా ఆయనవే. ఒంటి మీద రంగు మొత్తం నాది."

ఆవిడ ఆ మచ్చ మీదికి చెయ్యి తెచ్చి, మధ్యలోనే వెనక్కి తీసేసుకుంది. కాలినట్టు తీసుకుంది. అది చూశాక నాకు బావ మీద కోపం వచ్చింది, నా మీద నాకు అసహ్యం వేసింది. రెండూ ఒక్కసారే.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా," అంది ఆవిడ.

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పారు? నేను సంతోషంగా ఇంటికి వెళ్ళేదాన్ని. మీ బరువు దించుకోవడానికి నా నెత్తిన పెట్టారా?"

బావ చేతిలో గుడ్డను మడతపెట్టాడు, విప్పాడు. "గిటారు ఎలాగూ పాడుచేశాను. లేనిది అనుకున్నానేమో అని మీరు మిమ్మల్నే అనుమానించుకుంటుంటే చూస్తూ నిలబడలేకపోయానమ్మా," అన్నాడు.

అక్క కర్టెన్ వెనకనుంచి వచ్చి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "మాటిచ్చింది నేను తల్లీ. తిట్టాలంటే నన్ను తిట్టు," అంది. ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. గిటారును పక్కన పెట్టేసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇందాకటి ఏడుపులా కాదు. నాన్న మళ్ళీ పోయినట్టు ఏడ్చింది. మేం ముగ్గురం దగ్గరే ఉండీ ఏమీ చెయ్యలేకపోయాం.

ఎంతసేపటికో కళ్ళు తుడుచుకుంది.

"పైన రెండు, కింద ఒకటా?" అంది.

"అవునమ్మా. పైవి పక్కపక్కనే, గోరు దిగేంత లోతు. కిందది వాటికి ఎదురుగా లేదు, కొంచెం పక్కకి ఉంది."

"పక్కకా?" ఆ మాట దగ్గర ఆవిడ ముఖం మారింది. "నా కింది పన్ను వంకరగా వచ్చిందని అమ్మ అనేది." పక్కనున్న గిటారు వైపు చూస్తూ, "అయితే నిజంగానే ఉన్నాయన్నమాట," అంది, తనలో తాను.

బావ నెమ్మదిగా అన్నాడు. "మీరు ఊఁ అంటే ఆ గాట్లు మళ్ళీ..."

"వద్దు," అంది వెంటనే. "మీరు చేస్తే అచ్చం అలాగే ఉంటాయి. అదే నాకు భయం. ఎక్కడో చూపించండి, చాలు."

బావ చెయ్యి గుడ్డకి తుడుచుకుని, కింది అంచు మీద ఒకచోట వేలు పెట్టి, అక్కడి నుంచి తీసేశాడు. ఆవిడ గిటారును మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. బావ అన్ని రోజులు చర్మం చెక్కుకుపోయేలా రుద్దిన ఆ మచ్చ వైపు చూడనే లేదు. ఆయన చూపించిన చోట బొటనవేలు ఆనించింది. అక్కడ నున్నటి ఎర్రరంగు తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆవిడ చాలాసేపు అక్కడి నుంచి వేలు తియ్యలేదు.